తీపి ఎరగని చేప

1. పొద్దున నాచు గంజి, కాల్చిన నెత్తళ్లు. మధ్యాహ్నం ఉప్పుచేప ముక్క.

సున్నుండా,

నీ చేపను ఇవాళ నా నడుముకు కట్టారు. బొడ్డుకు కాస్త పైన, ఎడమ పక్కకు. సంచి గోరువెచ్చగా ఉంది. నువ్వు నా కడుపులో పడ్డప్పుడు బరువు తెలియడానికి నెలలు పట్టింది. ఇది కట్టీ కట్టగానే ఉన్నానంటోంది.

ముందు ఆ రోజు ఏం తిన్నానో రాయాలట. ఆ తర్వాత చేప సంగతి రాయాలట. పెంపకాల పడవలో ఉండే ఆడవాళ్లందరికీ ఇదే పద్ధతి. చేప ఎవరి ఒంట్లోకి వెళితే వాళ్ల చేతికి ఈ పుస్తకం కూడా వెళ్తుంది, దానికి ఏ తిండి అలవాటో తెలియాలి కదా. నేను చదివింది మూడో తరగతి. ముఖం తెలియని మనిషికి రాయడం నాకు చేతకాదు. నీకే రాస్తాను. తర్వాత చదివేవాళ్లు పక్కన కూర్చుని విన్నట్టు వింటారు.

డాక్టర్లు దాన్ని క్లోమం అంటారు. మన తెప్పలపాలెంలో చేప అనే అంటాం. నీ ఒంటి ముక్కతోనే నీ కోసం పెంచుతున్న రోజుల్లో, గాజు జాడీలో అది వేలెడంత ఉన్నప్పుడు నువ్వు ముక్కు ఆనించి చూసి, "అమ్మా, నా సేప నన్ను సూసి తోకాడించినాదే" అన్నావు. తోక ఉంటుంది గానీ ఆడించదని నీకూ తెలుసు. నన్ను నవ్వించడానికి అన్నావు.

సంచిలో పెట్టే ముందు భానోజీ డాక్టరు దాన్ని నాకు చూపించాడు. జానెడు ఉందో లేదో. లేత గులాబీలో పసుపు కలిపిన రంగు. పైనంతా చిన్న చిన్న బుడిపెలు, మొక్కజొన్న పొత్తు మీద గింజల్లా. తల లావుగా ఉండి, దాని కిందివైపు గాలం కొక్కెంలా వంగి ఉంది. తర్వాత మెడ, నడుము, చివర సన్నటి తోక.

"మనిషిలో ఇది నిలువుగా ఉండదమ్మా. అడ్డంగా పడుకుని ఉంటుంది, పొట్టకు వెనకాల, వెన్నుకు ముందు. తల కుడివైపు. చిన్నపేగు మొదలయ్యే చోట ఒక వంపు ఉంటుంది, ఆ వంపు ఒడిలో తల పెట్టుకుంటుంది. తోక ఎడమవైపు ప్లీహం దాకా వెళ్తుంది" అన్నాడు.

నేను నా పొట్ట మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి చూసుకున్నాను. ఇన్నేళ్లూ అక్కడ ఒకటి మాటామంతీ లేకుండా పడుకుని ఉందని నాకు తెలియదు. నీలో ఉన్నది పాడయ్యాకే నాకు దాని పేరు తెలిసింది.

పక్క మంచం అసిరి వొదినది. ఆమె మోస్తున్నది మూడో చేప. మొదటి రెండూ సముద్రం ముంచని మెట్ట నేల మీద మనుషుల్లో బతుకుతున్నాయి. సంచి వంక చూసి మూతి విరిచింది.

"ఒలే నూకరత్నం, ఇదేటే ఇంత సిన్నది? పులుసు పెడితే ఒక ముద్దకి కూడా సాలదు."

అందరూ నవ్వి, అంతలోనే నాలుక్కరుచుకున్నారు. నేనే మళ్లీ నవ్వాను, వాళ్ల కోసం. నువ్వు వెళ్లాక అదే మొదటిసారి.

2. నాచు గంజి. పీత పులుసు కొంచెం. రాత్రికి ఏమీ వద్దనిపించింది.

దీని పనులు నీకు చెప్తాను. నువ్వు ఎంత అడిగేదానివో.

తల దగ్గర సన్న గొట్టం ఉంది. చేప పొడవునా, తోక నుంచి తల దాకా ఒక కాలవ పారుతుందట. దారిలో చిన్న చిన్న పిల్ల కాలవలు వచ్చి కలుస్తాయి. మనిషిలో అయితే పిత్తం తెచ్చే కాలవ కూడా తల దగ్గర చేరి, రెండూ ఒకే వాకిట్లోంచి పేగులో పడతాయి. ఇక్కడ పేగు లేదు కాబట్టి రసం ఒక సీసాలో పడుతుంది. నీళ్లలాగే ఉంటుంది. పూట పూటకీ ఆ సీసా వంచి, రసంలో చేప నూనె చుక్క వేసి చూడాలి. నూనె తెట్టు విరిగి పాలలా తెల్లబడితే రసం మంచిది.

సీసా వంచడం మాత్రం మరవకూడదు. ఆ రసం చేపలో ఉన్నంతసేపూ నిద్రలో ఉంటుందట. బయటపడ్డాకే మేలుకుని తిండిని కరిగిస్తుంది. దారి మూసుకుపోతే లోపలే మేలుకుంటుంది. అప్పుడు పుట్టిన ఇంటినే తినడం మొదలుపెడుతుంది. డాక్టరు అది చెప్తుంటే మీ అయ్య గుర్తుకొచ్చాడు. నువ్వు పోయాక ఆయన ఒక్క చుక్క బయటికి రానివ్వలేదు. పొద్దున్నే ముక్కుకు గొట్టం తగిలించుకుని నీళ్లలోకి దూకుతాడు, మునిగిన పట్నంలోంచి ఇనుము తీసుకొస్తాడు, సాయంత్రం ఆ ఇనుము పక్కనే కూర్చుంటాడు. నేను దీన్ని మోస్తానంటే, "కన్న గుంటే లేనప్పుడు దాని ముక్క నాకెందుకు" అన్నాడు. చూడడానికి కూడా రాలేదు.

దీని రెండో పని దీవులది. నీకు తెలిసిందే. చేప నిండా అక్కడక్కడ కంటికి కనపడని దీవులు, తోక వైపు ఎక్కువ. తీపి రక్తంలోకి వస్తే అవి మేలుకుని మందు వదులుతాయి. నీ దీవుల్ని నీ ఒంట్లో కావలివాళ్లే శత్రువులనుకుని తగలబెట్టేశారు. ఏడేళ్ల వయసు నుంచి సూదిమందుతో నెట్టుకొచ్చావు. ఆషాఢపు తుపానుకు మందు పడవ రాలేదు. జాడీలో ఇది ఇంకో రెండు నెలలు పెరగాల్సి ఉండగా నువ్వు వెళ్లిపోయావు. ఇది మాత్రం పెరుగుతూనే ఉంది. దానికి చెప్పేవాళ్లెవరు?

3. నాచు గంజి. కాల్చిన చేప.

జాడీలో పెరిగిన చేపకు ఉప్పునీళ్లు తప్ప ఏమీ తెలియవట. తినే మనిషి రక్తం దానిలోంచి పారితేనే ఏ తిండికి ఏం చేయాలో నేర్చుకుంటుంది. కన్నతల్లి రక్తానికైతే తొందరగా నేర్చుకుంటుంది. అందుకే నన్ను పిలిచారు.

తిండి గంట కొట్టగానే మేం అందరం సంచులు సర్దుకుంటూ వరసగా కూర్చుంటాం. పోటు ఎక్కువగా ఉన్న రోజు పడవ ఊగుతుంది, గంజి గిన్నెలు అటూ ఇటూ జారతాయి. ఎవరి గిన్నె ఎవరి ముందుకొస్తే వాళ్లు తాగేస్తారు. ఇవాళ నా గిన్నె అసిరి వొదిన దగ్గరికి పోయింది.

"నీ గిన్నెకి కూడా నేనంటేనే ఇట్టం" అంది.

గంజితో పాటు మెట్ట నుంచి వచ్చిన బెల్లం ముక్క, చెంచాడు నెయ్యి ఇస్తారు. తెప్పల మీద ఇంకెవరికీ రోజూ దొరకవు. మోసేవాళ్లకు బలానికి ఇస్తున్నారనుకున్నాను. నేను రెండూ అసిరి వొదినకే ఇచ్చేస్తున్నాను.

నీకు తెలియదు కదా. నీ పదకొండో రోజున మన ఆచారం ప్రకారం చేశాను. పోయినవాళ్లకు ప్రాణమైన తిండిని తల్లి నీళ్లలో వదిలి, ఇక బతికున్నంత కాలం ముట్టనని చెప్పాలి. నీకు ప్రాణమైంది ఏమిటో ఎవరినీ అడగక్కర్లేదు. గుండ్రంగా పుట్టావని సున్నుండ అన్నాం, నాలుగేళ్లకే పేరును నిలబెట్టావు. పెళ్లిళ్లలో నీ గౌను జేబులన్నీ నెయ్యి మరకలే. ఏడో ఏట రోగం వచ్చాక ముట్టనివ్వలేదు. డబ్బా మూత తీసి వాసన చూసి పెట్టేసేదానివి.

మెట్ట పడవ వాళ్లను బతిమాలి ఒక్క సున్నుండ తెప్పించి నీళ్లలో వదిలాను. మినుములూ బెల్లమూ నెయ్యీ ఇక ముట్టనని సముద్రం వైపు తిరిగి చెప్పాను. నీకు లేనిది నాకెందుకు?

4. నాచు గంజి. ఏం చేపో గుర్తులేదు.

ఇవాళ పరీక్ష.

భానోజీ డాక్టరు సంచి గొట్టంలో బెల్లం నీళ్లు ఎక్కించాడు. దీవులు మేలుకుంటే సంచి మూతికి ఉన్న చిన్న దీపం పచ్చగా వెలుగుతుంది. అసిరి వొదిన దీపం ఎక్కించీ ఎక్కించగానే వెలిగింది. ఆ వరసలో అందరివీ వెలిగాయి. నాది వెలగలేదు.

ఆయన మళ్లీ ఎక్కించాడు. తోక వైపు చెయ్యి పెట్టి చూశాడు. సీసా ఎత్తి వెలుగులో తిప్పాడు. నాలుగు రోజులుగా రసం చిక్కబడుతోంది, జిగురులా సాగుతోంది. నేను చెప్పలేదు.

"చేప ఉబ్బుతోందమ్మా. రసం కదలడం లేదు. దీవులు పడుకునే ఉన్నాయి. పున్నమికి ఇంకోసారి చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే..."

"ఉంటే?"

"తీసేయాలి. లోపలే కుళ్లితే మీ రక్తానికీ ప్రమాదం."

నీ దగ్గర అబద్ధం ఆడలేను. దీపం వెలగనప్పుడు నా లోపల ఒక మూల చల్లగా అయింది. నేర్చుకోకపోతే ఎవరికీ ఇవ్వక్కర్లేదు. పున్నమి దాకా నా నడుముకే ఉంటుంది. ఆ తర్వాత మాట నేను తలచుకోలేదు.

వెళ్లబోతున్న ఆయన్ని ఆపి అడిగాను. "ఇది ఎవరికి బాబూ?"

"పేరు చెప్పకూడదు. మెట్ట మీద ఒకరు."

"తింటున్నారా?"

"కొలుచుకుని తింటున్నారు. సూదిమందు దొరికిన రోజు ఒక గుప్పెడు, దొరకని రోజు సగం."

నువ్వు కంచం ముందు కూర్చుని కన్ను మూసి గుప్పెడు కొలుచుకోవడం కనిపించింది. నేను మంచం మీద అటు తిరిగి పడుకున్నాను.

5. ఏమీ తినలేదు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

గంట కొట్టారు. బెల్లం ముక్కను అలవాటుగా అసిరి వొదిన ముందుకు తోశాను. ఆమె నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. ముక్క వంక చూసింది, నా సంచి వంక చూసింది.

"ఒలే. నువ్వు ఈ పడవెక్కిన కాడి నుంచి ఒక్క ముక్కైనా తిన్నావేటే?"

"లేదు వొదినా. విడిచిపెట్టాను."

"నెయ్యి?"

"అదీ."

ఆమె ముక్కను గిన్నెలో పడేసి నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మో! అది నీ బలానికనుకున్నావేటే ఎర్రిదానా? అది సేపకి పాఠమే! తీపి రాకపోతే ఆటికి దీవులెందుకు మేలుకుంటాయి? నెయ్యి రాకపోతే ఆ రసం ఎవుల కోసం పారాల? దాని తిండి అంతా నాను తినీసినానే! సూడు నా సేప సూడు, గున్నేనుగులాగున్నాది!"

పడవలో అందరూ మా వైపే చూస్తున్నారు. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండు చేతులతో నా మొహం పట్టుకుంది.

"నాకెందుకు సెప్పనేదే? మాట సెప్తే కొట్టి తినిపించీదాన్ని కదే."

నాచూ చేపా తిని పెరిగిన వాళ్లం, తీపి అంటే పండగ అనుకుంటాం. అది లేకపోతే ఒక ప్రాణి మేలుకోదని ఎలా తెలుస్తుంది? బాధతో పస్తులుంటే పోయినవాళ్లకు చేరుతుందనుకున్నాను. నా పస్తు ఎవరికి చేరిందో ఇప్పుడు తెలిసింది.

ముక్కను నా నోట్లో పెట్టబోయింది. నేను పెదవులు బిగించాను. సముద్రానికి చెప్పిన మాట, బిడ్డ పేరు మీద చెప్పిన మాట. అది తప్పితే నీకు ఇంకేం మిగిల్చినట్టు?

"పున్నమి నాలుగు రోజుల్లో ఉంది" అంది వొదిన. ముక్కను నా గిన్నెలోనే వదిలి వెళ్లింది.

6. గంజి సగం.

మీ అయ్య వచ్చాడు.

అసిరి వొదిన కబురు పంపిందట. ఒళ్లంతా తడిగా, కనురెప్పల మీద ఉప్పు కట్టి ఉంది. సంచి వంక చూడకుండా నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"మాట తప్పకూడదని కూకున్నావంట."

"నువ్వు తప్పమంటావా?"

చేతులకంటిన ఇనుప తుప్పు రుద్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. నేను ఆ రోజు గంజి కాస్తున్నానట, నాకు వినపడలేదట. జాడీ చూసి వచ్చిన సాయంత్రం నువ్వు తాళ్లకు తారు పూస్తూ, ఈల వేస్తూ, ఆయనతో అన్నావట. "అయ్యా, నా సేప వొచ్చీసినాక రెండు సున్నుండలు సేయించాల. ఒకటి నాకు, ఒకటి దానికి. పాపం అది కూడా పుట్టిన కాడి నుంచి ఉప్పునీళ్లే తాగతన్నాది."

ఇన్నాళ్లూ ఆ మాట ఒక్కడే మోశాడు.

"నువ్వు ఇడిసిపెట్టింది నీ వొంతు" అన్నాడు. "దాని వొంతు మన గుంట ఎప్పుడో రాసిచ్చీసింది. అది ఇడిసిపెట్టడానికి నువ్వెవులవే?"

అప్పుడు సంచి వైపు తిరిగాడు. చెయ్యి చాపి, ముట్టుకోకుండా ఆపి, "తల ఏటేపు?" అని అడిగాడు.

"కుడివైపు."

తల మీద అరచెయ్యి ఆనించాడు. నిన్ను జోకొట్టేటప్పుడు ఆనించినట్టే. ఆయన భుజాలు ఊగాయి. సంచిలో వెచ్చదనమో ఆయన చెయ్యో, నాకు రెండూ ఒకటిగానే తెలిశాయి.

7. నాచు గంజి. సున్నుండ.

మినుములు వంటసాలలో ఎవరో దాచుకున్నవి ఇచ్చారు. బెల్లం పడవలో ఆడవాళ్లందరూ తలా కొంచెం విరిచి పెట్టారు. నెయ్యి అసిరి వొదిన తన చెంచాలోదే పోసి, "ఇన్నాళ్లు తిన్నది కక్కుతున్నాననుకో" అంది.

నేనే వేయించాను. మినుములు ఎర్రబడుతుంటే ఆ వాసనకు పడవంతా లేచి కూర్చుంది. దంచి, జల్లించి, బెల్లం కలిపి, నెయ్యి పోసి చుట్టాను. చేతులకు లెక్క గుర్తుంది. నాకంటే ముందే గుండ్రంగా చుట్టేశాయి.

మీ అయ్య, అసిరి వొదిన ఎదురుగా కూర్చున్నారు. ఒకసారి కొరికి బయటికి తీశాను. "ఇది నాది కాదు సున్నుండా, నీ చేపది" అని చెప్పి మళ్లీ పెట్టుకున్నాను. నాలుక మీద కరుగుతుంటే కళ్లలోంచి వేడిగా కారింది. అంత రుచిగా ఉన్నందుకు ఇంకా ఏడ్చాను.

చాలాసేపటి దాకా ఏమీ జరగలేదు. సంచి చల్లబడుతోందేమో అనుకున్నాను. మీ అయ్య లేచి నిలబడ్డాడు.

దీపం వెలిగింది.

మిణుగురు అంత. ఆరిపోయింది. మళ్లీ వెలిగింది, ఈసారి ఆరలేదు. తోక వైపు సంచి కొంచెం వెచ్చబడింది. అసిరి వొదిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. గొట్టంలోంచి సీసాలోకి ఒక చుక్క పడిన చప్పుడు అందరికీ వినపడింది.

8. గంజి, చేప పులుసు, బెల్లం, నెయ్యి, సున్నుండ. రోజూ ఇదే.

భానోజీ డాక్టరుకు చెప్పేశాం. "నేను మెట్టవాణ్ని అమ్మా, మీ ఆచారం నాకు తెలియదు. బెల్లం ఎందుకో విడమర్చి చెప్పాల్సింది" అన్నాడు. వాపు తగ్గుతోంది. రసంలో నూనె చుక్క వేస్తే పాలలా తెల్లబడుతోంది.

పున్నమి పరీక్షలో బెల్లం నీళ్లు ఎక్కించగానే దీపం వెలిగింది. పడవలో కేకలు వేశారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే తెలిసింది, ఇక ఇది వెళ్లిపోతుందని. నేర్పింది నేనే. నేర్చుకోకపోతే చచ్చిపోయేది, నేర్చుకుంది కాబట్టి వెళ్లిపోతోంది. తల్లుల బతుకంతా ఇంతే కాబోలు.

9. ఇవాళ తినాలి. ఇంకా తినలేదు.

పొద్దున సంచి విప్పారు. నా రక్తం గొట్టం తీసి ముడి వేశారు. మూత వేసే ముందు నన్ను చూడనిచ్చారు. రంగు తేరుకుంది, తల కింద కొక్కెం అలాగే ఉంది, నీ ముక్కు చివరలా కాస్త వంకరగా. మీ అయ్య మెట్ట పడవ దాకా పెట్టె మోసుకెళ్లాడు. ఎవరినీ మొయ్యనివ్వలేదు. అసిరి వొదిన మా పడవ అంచున నిలబడి, "తల కుడిపక్కకెట్టండ్రా బాబూ, తిరగేసీగలరు!" అని డాక్టర్లకే అరిచి చెప్పింది.

గంట కొట్టారు. నా చెయ్యి సంచి సర్దుకోవడానికి పోయింది. అక్కడ చీరే ఉంది.

సున్నుండా, ఇక్కడితో నీకు రాయడం ఆపుతాను. ఇక మిగిలింది చదివేవాళ్లతో.

నువ్వెవరో నాకు తెలియదు. మీరు అనాలేమో, నాకు నోరు రావడం లేదు. నీ పొట్ట వెనకాల అడ్డంగా పడుకుని ఉన్నది నా బిడ్డ చేప. పేరు సున్నుండ, పద్దెనిమిదేళ్లది, ఈల బాగా వేసేది. మొదట్లో తీపి ఎరగదు, అది నా తప్పు, ఇప్పుడు నేర్చుకుంది. నెయ్యి కూడా తెలుసు. పస్తులుంటే మాత్రం దానికి ఇంకా భయం, మా రోజులు గుర్తొస్తాయేమో. నువ్వు ఇన్నాళ్లూ కొలుచుకుని తిన్నావని డాక్టరు చెప్పాడు. ఇక కొలుచుకోకు. ఎవరు పోయినా, ఎంత బాధగా ఉన్నా, గంట కొట్టేసరికి కంచం ముందు కూర్చో. నేనూ ఇప్పుడు లేచి కూర్చుంటాను.

కడుపు నిండా తిను.